దర్జీకి తెలియదా

జూన్ 21

మరదలు పిల్లకి,

మీ వదిన ఆశీస్సులు. ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని నువ్వు నవ్వుకుంటావని తెలుసు. ఫోన్ మోగితే చాలు, మీ అన్నయ్య ఏ మూలనున్నా వచ్చి లాక్కుంటారు. చెల్లెలు తిన్నదా, నిద్రపోయిందా, అక్కడ ఎండా వానా అని అన్నీ కనుక్కునేసరికి నేను స్కూలుకి బయల్దేరే వేళవుతుంది. ఉత్తరంలో అయితే నా మాటకి అడ్డొచ్చేవాళ్ళు లేరు. పైగా నాకు కోపం కాగితం మీదే బాగా వస్తుంది.

కోపం ఎందుకంటే మా స్కూలుకి పెట్టెలు దిగాయి, క్లాసుకొకటి. పిల్లలకి కథల పుస్తకాలు, టీచరుకి ఇటుకంత లావు పుస్తకం. నేను ఏం మాట్లాడాలో అందులో నల్లటి లావు అక్షరాల్లో ఉంటుంది. దానికి పిల్లలు ఏం జవాబు చెబుతారో పక్కకి వాలిన అక్షరాల్లో ఉంటుంది. చెయ్యి బొమ్మ ఉన్నచోట నేను చెయ్యి ఊపాలి, పిల్లలంతా ఒక్క గొంతుతో పలకాలి. "ఇక్కడ మూడు సెకన్లు ఆగండి" అని కూడా రాశారు. ఆ మూడు సెకన్లలో ఒకడు ముక్కు చీదుతాడు, ఇంకొకడు పక్కవాడి పెన్సిల్ కొరుకుతాడు. దానికి ఏం చెయ్యాలో మాత్రం ఏ అక్షరాల్లోనూ లేదు. ఎవరైనా వాలు అక్షరాల్లో లేని జవాబు చెబితే, "సరైన జవాబు ఇది" అని చెప్పి, అదే పలికించి ముందుకు పోవాలట. కథ చదివి అర్థం చేసుకోవడం నేర్పే పద్ధతి అని పెట్టె మీద రాసుంది. నాకు అది డ్రిల్లు నేర్పే పద్ధతిలా ఉంది.

వచ్చే వేసవికి నా ఉద్యోగం అయిపోతుందని నీకు తెలుసు. ఇదే నా ఆఖరి మూడో తరగతి. పెద్దమేడమ్ అందర్నీ కూర్చోబెట్టి, "కంపెనీ నుంచి మనుషులు వచ్చి చూస్తారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పనివాళ్ళని క్లాసులోంచి తీసి ఆఫీసు గదిలో వేస్తాను" అంది. అన్నప్పుడు నావైపే చూసింది. ఆ బీరువాల మధ్య కూర్చుని హాజరు పట్టీలు దిద్దుతూ ఉద్యోగం ముగించడం నాకిష్టం లేదు. ఈ ఒక్క క్లాసూ చివరిదాకా చెప్పి, నా సుద్దముక్క నేనే కింద పెట్టి రావాలని ఉంది. ఇంతకన్నా నేను కోరేది లేదు.

పక్క గదిలో మూడో తరగతి రెండో సెక్షనుకి కొత్త టీచరు వచ్చింది. గట్టిగా తుమ్మితే ఎగిరిపోయేలా ఉంటుంది. ఆమె మాత్రం ఆ పుస్తకాన్ని గుండెకి హత్తుకుని ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతోంది. నేను చిలకమ్మ అని పేరు పెట్టాను, ఆమెకి తెలియదులే.

నువ్వూ పుస్తకాల కంపెనీలోనే కదా. ఇలాంటివి రాసేవాళ్ళు ఎలా ఉంటారు? ఎప్పుడైనా పిల్లల్ని చూసిన మొహాలేనా?

ఇట్లు, మండిపోతున్న నీ వదిన


జూలై 2

వదినకి,

నమస్కారాలు. ఇలాంటివి రాసేవాళ్ళు కొంచెం పొట్టిగా ఉంటారు. కళ్ళజోడు పెట్టుకుంటారు. చిన్నప్పుడు నీ చేత మొట్టికాయలు తిని ఉంటారు.

ఆ పుస్తకం నేనే రాశాను వదినా. మూడో తరగతిది మొత్తం నాదే. మీ స్కూలుకి వస్తుందని నాకెవరూ చెప్పలేదు. తెలిసి ఉంటే మూడు సెకన్లని ఆరు చేసేదాన్ని, ముక్కు చీదడానికి వీలుగా.

నీ ఉత్తరం చదువుతుంటే నవ్వొచ్చింది, తర్వాత కొంచెం ఏడుపూ వచ్చింది. నా వైపు నుంచి కూడా విను. ఇది రాసేముందు నన్ను చాలా స్కూళ్ళకి తిప్పారు. ఒకచోట కొత్తగా చేరిన టీచరు పాఠం చదివి, "అర్థమైందా?" అని అడిగింది. పిల్లలంతా "అయ్యింది" అన్నారు. ఆమె పుస్తకం మూసేసింది. పిల్లల్లో ఒక్కరికీ ఏమీ అర్థం కాలేదని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. బయటికి వచ్చాక అడిగితే, "తర్వాత ఏం అడగాలో నాకెవరూ నేర్పలేదండీ" అంది. ఆ పిల్ల కోసం రాశాను నేను. నల్ల అక్షరాలు ఆమెకి చేతికర్రలా ఉంటాయనుకున్నాను. నీలాగా పరుగెత్తేవాళ్ళకి అది అడ్డమే, ఒప్పుకుంటాను.

నువ్వు కాపురానికి వచ్చేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. కథ సగం చదివి, "నువ్వైతే ఏం చేస్తావ్?" అని అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయేదానివి. నేను వెనకాలే వచ్చి పొయ్యి పక్కన నిలబడి వాదించేదాన్ని. నాకు చదవడం వచ్చింది అక్కడే. అయితే అందరికీ నీలాంటి వదిన దొరకదు కదా. నా పుస్తకంలో మంచి ప్రశ్నలన్నీ నువ్వు అడిగినవే, కాకపోతే నీ గొంతు లేదు.

ఒక నెల రోజులు నా కోసం మనస్ఫూర్తిగా చెప్పి చూడు. తర్వాత ఎన్ని తిట్లైనా తిట్టు. దర్జీ కథ వచ్చినప్పుడు మాత్రం తప్పకుండా రాయి, అది నాకు చాలా ఇష్టమైన కథ. అన్నయ్య ఫ్యాను విప్పాడట కదా. మళ్ళీ బిగించాడా, లేక ఎప్పట్లాగే రెండు మరలు మిగిలాయా?

నీ మొట్టికాయల మరదలు


ఆగస్టు 10

మరదలు పిల్లకి,

ఆశీస్సులు. రెండు కాదు, నాలుగు మరలు మిగిలాయి. ఫ్యాను తిరుగుతోంది కానీ దాని కింద ఎవరూ కూర్చోవడం లేదు.

పుస్తకం రాసింది నువ్వని తెలిశాక రెండు పూటలు మనసు మనసులో లేదు. నోటికొచ్చినట్టు అన్నాను. అయినా అన్నదాంట్లో సగం వెనక్కి తీసుకుంటాను, సగం తీసుకోను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని మీ అన్నయ్య ఊరికే అనరు.

నువ్వు అడిగావని నెల రోజులు అచ్చంగా నీ పుస్తకమే చెప్పాను. చేతులు ఊపాను, సెకన్లు లెక్కపెట్టాను. ముందు చిలకమ్మ సంగతి చెబుతాను. నీ పుస్తకం వచ్చాక ఆమె గది దారిలో పడింది. గోడ అవతలి నుంచి ఏడుపులు, అరుపులు వినపడేవి, ఇప్పుడు చదువు వినపడుతోంది. మొన్న నా దగ్గరికి వచ్చి, "పుస్తకంలో లేని జవాబు చెబితే మీరేం చేస్తారండీ?" అని అడిగింది. "ఎందుకలా అనుకున్నావని అడుగుతాను" అన్నాను. "దానికి వాడు ఇంకోటి చెబితే?" అంది. "మళ్ళీ అడుగుతాను" అన్నాను. "భయం వెయ్యదా?" అంది. పాపం, మంచి పిల్ల. నీ చేతికర్ర ఆమెకి పనికొచ్చిందని ఒప్పుకుంటున్నాను.

ఇక నీ దర్జీ. పరాయి ఊళ్ళో పని చేసుకునే దర్జీ ఏడాది తర్వాత ఇంటికొస్తూ, తన దగ్గరున్న పాత కొలతలతో కూతురికి గౌను కుట్టి తెస్తాడు. పాప తొడుక్కుంటుంది. అతికినట్టు సరిపోతుంది. దర్జీ సంతోషిస్తాడు. "దర్జీ ఎందుకు సంతోషించాడు?" అని నల్ల అక్షరాలు. "గౌను సరిపోయింది కాబట్టి" అని వాలు అక్షరాలు.

నా క్లాసులో ఒక పిల్ల ఉంది. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటుంది. నేను గువ్వ అని పిలుస్తాను. నా పద్ధతిలో అయితే, పాపం భయపడుతుందిలే అని వదిలేసేదాన్ని. నీ పుస్తకం వరుస తప్పనివ్వదు, ఒక్కొక్కరూ చెప్పి తీరాలి. ఆమె వంతు వచ్చింది. లేచి చాలాసేపు నిలబడింది. నేను మూడు సెకన్లు కాదు, ఇంకా ఎక్కువే ఆగాను.

"దర్జీకి తెలియదా టీచర్?" అంది.

"ఏంటమ్మా?" అన్నాను.

"ఏడాదైంది కదా. పాత కొలత సరిపోయిందంటే పాప పెరగలేదు. మా తమ్ముడి చొక్కా కూడా ఇంకా సరిపోతూనే ఉంది. అమ్మ తొడిగి చూసి ఏం మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోతుంది."

నా చేతిలో పుస్తకం ఉంది కానీ నేను ఏ పేజీలో ఉన్నానో తెలియలేదు. పిల్లలంతా ఎవరూ చెప్పకుండానే కథ మళ్ళీ తిప్పి చదవడం మొదలుపెట్టారు. "దర్జీ కదా, ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది?" అన్నాడొకడు. "తెలుసు, పాప ముందు సంతోషంగా ఉన్నట్టు నటించాడు" అంది ఇంకొకతె. "అలా అయితే సంతోషించాడని ఎందుకు రాశారు? రాసినవాళ్ళకి తెలియదేమో" అన్నాడు పెన్సిల్ కొరికేవాడు. ఆ పూటంతా అదే కథ. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

సాయంత్రం గువ్వ వాళ్ళమ్మని కలిశాను. తమ్ముడిని డాక్టరు దగ్గరికి తిప్పుతూనే ఉన్నారట. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడుకోరట.

కథ రాసిన దానివి, నువ్వు చెప్పు. దర్జీకి తెలుసా?

నీ వదిన


ఆగస్టు 19

వదినకి,

నమస్కారాలు. నీ ఉత్తరం ఆఫీసులో చదివాను, అది నా తప్పు. కళ్ళు తుడుచుకుంటుంటే అందరూ ఇంట్లో ఏమైందని అడిగారు.

దర్జీకి తెలుసో లేదో నాకు తెలియదు. నిజం చెబుతున్నాను, నేను దాని గురించి ఆలోచించనే లేదు. "కారణం" అనే పాఠానికి చిన్న కథ కావాలన్నారు, రాశాను. ఏడాది అని ఎందుకు రాశానో కూడా గుర్తు లేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి కనిపించింది నాకు కనిపించలేదు. ఎంతమంది సరిచూశారో ఆ పేజీని, ఒక్కరికీ తట్టలేదు.

నీ గువ్వ మాట మనసులోంచి పోవడం లేదు. అందుకని ఒక పని చేశాను. ఏమిటో ఇప్పుడు చెప్పను, త్వరలో నీ చేతికే వస్తుంది. చూసి నువ్వు గర్వపడతావు. నువ్వు నా చేత నాలుగు అక్షరాలు చదివించినందుకు ఇది నా కానుక అనుకో.

అన్నయ్యని ఫ్యాను జోలికి వెళ్ళొద్దని చెప్పు. వినకపోతే నువ్వు దాని కింద కూర్చోకు.

నీ మరదలు


సెప్టెంబరు 25

మరదలికి,

నీ కానుక అందింది.

మార్చిన పేజీలని ఒక కవరు వచ్చింది. పాతది తీసేసి కొత్తది అంటించమన్నారు. చూడకుండా అంటించాను, నువ్వు పంపింది కదా అని. పాఠం మళ్ళీ చెప్పమని ఆదేశం. నల్ల అక్షరాలు చదివాను. "గౌను సరిపోవడం చూసి దర్జీ ఎందుకు బాధపడాలి?" చెయ్యి బొమ్మ ఉంది, చెయ్యి ఊపాను. క్లాసు మొత్తం ఒక్క గొంతుతో వాలు అక్షరాలు పలికింది. "పాప పెరగలేదు కాబట్టి." గొంతులు సరిగ్గా కలవకపోతే రెండోసారి పలికించమని ఉంది. కలవలేదు. పలికించాను. అలవాటైపోయింది కదా, చెయ్యి దానంతటదే లేచింది.

అప్పుడు గువ్వని చూశాను. తల బల్ల మీద పెట్టేసుకుంది. చెవులు రెండు చేతులతో మూసుకుంది.

ఆ పిల్ల తన ఇంట్లో ఎవరూ పైకి అనని మాట నన్ను నమ్మి అంది. నేను నిన్ను నమ్మి నీకు రాశాను. నువ్వు దాన్ని పాటలా పాడించే పాఠం చేశావు. పక్క గదిలో చిలకమ్మ చేత కూడా అదే పలికించావు, గోడ అవతలి నుంచి అదీ వినపడింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయ్యింది. ఆ రోజు నుంచి గువ్వ నోరు విప్పలేదు. వంతు వస్తే లేచి నిలబడుతుంది, వాలు అక్షరాల్లో ఏముందో అదే చెప్పి కూర్చుంటుంది. ఒక్క తప్పు లేదు. నాకు అదే భయంగా ఉంది.

ఆ పేజీ నేను మళ్ళీ చెప్పను. నీ కంపెనీ మనిషి వచ్చి అడిగాడు, చెప్పనన్నాను. జాబితాలో ఏదో గీసుకుపోయాడు. పెద్దమేడమ్ పిలిచి, అక్టోబరు చివర ఇంకోసారి వచ్చి చూస్తారని, అప్పుడూ ఇలాగే ఉంటే క్లాసు తీసేస్తానని తేల్చి చెప్పింది. తీసేస్తే తీసేయనీ అనాలనుంది, అనలేకపోయాను. ఆ పిల్లని ఇలా మూసుకుపోయినట్టు వదిలేసి ఆ గదిలోంచి రావాలంటే నా వల్ల కావడం లేదు.

మీ అన్నయ్య బాగానే ఉన్నారు.

వదిన


అక్టోబరు 3

వదినకి,

నీ ఉత్తరం మీద సంతకం దగ్గర "నీ వదిన" అని లేదు. ఒట్టి "వదిన" అని ఉంది. ఎన్నిసార్లు చూసినా అంతే ఉంది.

నేను గర్వంతోనే చేశాను. ఆ పిల్ల మాట ఎన్నో గదుల్లో వినపడాలనుకున్నాను. ఆమె ఆ గదుల్లో ఒకదాంట్లో కూర్చుని వింటుందన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. కథలో దర్జీ ఎలా పొరపడ్డాడో నేనూ అలాగే పొరపడ్డాను, కొలత సరిపోయిందని సంతోషించాను. నువ్వు తిట్టిన ఒక్కో మాటా సరిగ్గా తగిలింది.

మా పై అధికారి దగ్గరికి వెళ్ళి ఆ పేజీ తీసేయమన్నాను. ఆయన నవ్వారు. "అన్ని స్కూళ్ళ నుంచీ మెచ్చుకోలు వస్తోంది దాని మీద. పుస్తకం మొత్తంలో అదే మంచి పేజీ. ఎందుకు తియ్యాలి?" అన్నారు. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేకపోయాను. చెబితే నువ్వు నాకు రాస్తున్నావని, ఆ స్కూలు ఏదో, ఆ పిల్ల ఎవరో అన్నీ అడుగుతారు.

ఒక పని మాత్రం చేయగలిగాను. అక్టోబరు చివర మీ స్కూలుకి పరిశీలనకి నన్నే పంపమని అడిగి ఒప్పించాను. నేనే వస్తాను వదినా. వెనక బల్ల మీద కూర్చుంటాను. నువ్వు నీ ఇష్టం వచ్చినట్టు చెప్పు. జాబితాలో ప్రతి ప్రశ్నకీ "అవును" అని గీసేస్తాను. నీ క్లాసు ఎవరూ తీసుకోలేరు. నేను చేసినదాన్ని ఇంతకంటే ఎలా సరిచెయ్యాలో తెలియడం లేదు.

నన్ను రావద్దనకు.

నీ మరదలు


అక్టోబరు 11

పిచ్చి మరదలా,

ఒట్టి "వదిన" అని రాసింది కోపంతో కాదు, కాగితం చివరికి వచ్చింది. నిజంగానే. కోపం ఉన్న మాట వాస్తవమే కానీ దాన్ని సంతకంలో దాచుకునే అలవాటు నాకు లేదు, ముక్కు మీదే ఉంటుంది.

రా. నీ అన్నయ్య అప్పుడే నీ గది దులపడం మొదలుపెట్టారు. దులిపినదానికన్నా పడగొట్టింది ఎక్కువ.

అయితే ఒక షరతు. నేను పుస్తకం చెప్పకపోతే "చెప్పింది" అని గీయకు. నా మీద ప్రేమతో అబద్ధం రాశావంటే, నీ జాబితా కూడా నీ వాలు అక్షరాల్లాంటిదే అవుతుంది, ఎదురుగా ఏం జరిగినా ముందే అచ్చేసిన జవాబు. నువ్వు వెనక బల్ల మీద కూర్చుని, ఏం జరిగితే అది చూడు. చూసింది రాయి. చిన్నప్పుడు నీ చేత అదే చేయించాను. ఇప్పుడు నా క్లాసు కోసం అది పాడుచేయలేను.

క్లాసు పోతుందని భయం లేదా అంటే ఉంది. చాలా ఉంది. పొద్దున్నే లేవగానే ముందు అదే గుర్తొస్తోంది. అయినా సరే.

చిలకమ్మ నీ పేరు చెబితే కళ్ళు పెద్దవి చేసింది. "పుస్తకం రాసినావిడ మీ మరదలా?" అని నన్ను చూసే చూపే మారిపోయింది. నాకిన్నేళ్ళ ఉద్యోగంలో రాని గౌరవం నీ వల్ల వచ్చింది.

నీ వదిన (చూశావా, చోటు మిగిలింది)


నవంబరు 2

వదినకి,

ఇల్లు చేరాను. అన్నయ్య కట్టిచ్చిన మూట బస్సులో ఊడింది, ఎప్పట్లాగే.

బస్టాండులో నీతో చెప్పలేకపోయిన మాటలు రాస్తున్నాను. నువ్వు ఆ రోజు దర్జీ పేజీ తెరవకుండా, "ఈ కథ రాసినావిడ వెనక కూర్చున్నారు. మీకేమైనా అడగాలనుంటే అడగండి" అన్నప్పుడు లేచి పారిపోవాలనిపించింది. నేను పుస్తకంలో పేజీకి పది ప్రశ్నలు రాశాను వదినా, నన్ను మాత్రం ఇంతవరకూ ఎవరూ ఒక్కటీ అడగలేదు. పెన్సిల్ కొరికే మహానుభావుడు, "దర్జీకి తెలుసా తెలియదా?" అన్నాడు. నాకు తెలియదన్నాను. "మీరే కదా రాశారు" అన్నాడు. రాసేటప్పుడు సరిగ్గా ఆలోచించలేదు, తప్పు చేశాను అన్నాను. వాళ్ళంతా నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. పుస్తకం రాసినవాళ్ళకి కూడా తెలియకపోవచ్చని వాళ్ళకి ఆ రోజే తెలిసినట్టుంది. తర్వాత వాళ్ళే కథలు తిరగేసి, ఇంకా ఎక్కడెక్కడ నాకు తెలియదో వెతకడం మొదలుపెట్టారు. చాలా దొరికాయి.

నీకు తెలియనిది ఒకటి ఉంది. గువ్వ క్లాసులో నోరు తెరవలేదు కదా. నేను వరండాలో చెప్పులు వేసుకుంటుంటే వెనకాలే వచ్చి నా సంచి పట్టుకుని లాగింది. "అది మా తమ్ముడి మాట. పుస్తకంలో వద్దు" అంది. అంతే. నేను తీసేస్తానని మాట ఇచ్చాను. "ఎప్పుడు?" అని అడిగింది.

అందుకని వచ్చిన రోజే పై అధికారి దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇంటి మనిషి రాసిన సంగతి వాడుకున్నానని, ఆ పిల్ల ఆ గదిలోనే కూర్చుని విన్నదని. ఆయన పేజీ తీసేయడానికి సంతకం పెట్టారు. నన్ను కథలు రాయడంలోంచి తీసి అచ్చుతప్పులు చూసే పనికి మార్చారు. దాని గురించి నువ్వు బాధపడకు, నాకు నిద్ర పడుతోంది.

జాబితా సంగతి కూడా చెప్పాలి. నువ్వు చెప్పినట్టే చూసిందే రాశాను. నల్ల అక్షరాలు చదివారా, లేదు. చెయ్యి ఊపారా, లేదు. సరైన జవాబు పలికించారా, లేదు. దాదాపు అన్నీ "లేదు" అయ్యాయి వదినా. పిల్లలకి అర్థమైందా అనే ప్రశ్న కోసం కింద దాకా వెతికాను. ఆ ప్రశ్న లేదు. ఆ జాబితా రాసింది కూడా నేనే. చివర ఖాళీ జాగాలో పట్టినంత రాశాను, కానీ పెద్దమేడమ్ అంకెలే చూస్తారు. ఆ నాలుగు కాగితాలూ ఆవిడకి ఇచ్చి వచ్చాను. నీ క్లాసు నా చేత్తో నేనే తీసేశానేమో. నన్ను క్షమించగలిగితే ఒక్క ముక్క రాయి.

నీ మరదలు


నవంబరు 20

నా బంగారు మరదలికి,

క్షమించడానికి ఏముందే. నువ్వు "అవును" అని రాసి ఉంటే ఆ రోజు క్లాసులో జరిగిందంతా నేను చిలకపలుకులు చెప్పిన లెక్కలోకి పోయేది. నువ్వు "లేదు" అని రాశావు కాబట్టి అది నిజంగా జరిగినట్టు నాలుగు కాగితాల మీద ఉంది. ఆ కాగితాలు చదివే నాథుడు లేడని నాకు తెలుసు. నేను చదివాను, చాలు.

క్లాసు తీసేశారు. సోమవారం నుంచి నేను ఆఫీసు గదిలో ఉన్నాను. రెండు సెక్షన్లూ కలిపేసి చిలకమ్మకి అప్పగించారు, ఆమె జాబితాలో అన్నీ "అవును"లే కదా. నా సుద్దముక్క నేనే కింద పెట్టాలనుకున్నాను. పెద్దమేడమ్ మనిషిని పంపి నా సామాను మోయించింది. రెండు రాత్రులు ఏడ్చాను. మీ అన్నయ్యకి ఏం చెయ్యాలో తోచక ఫ్యాను బిగించారు, ఈసారి ఒక్క మర కూడా మిగల్లేదు.

వెళ్ళేముందు రోజు కొత్త పేజీ వచ్చింది. గువ్వకి చూపించాను. దర్జీ లేడు. ముందు పేజీ, తర్వాతి పేజీ తిప్పి చూసుకుంది, వెలుతురుకి పెట్టి కూడా చూసింది. పుస్తకం నాకిచ్చి వెళ్ళి తన చోట్లో కూర్చుంది.

ఈ రోజు సంగతి చెప్పాలని కూర్చున్నాను. హాజరు పట్టీలు పట్టుకుని వరండాలో వస్తున్నాను. నా గది తలుపు దగ్గరికి రాగానే కాళ్ళు వాటంతటవే ఆగాయి. లోపల చిలకమ్మ పాఠం చెబుతోంది, గొడుగు పారేసుకున్న ముసలాయన కథ. నల్ల అక్షరాలు చదువుతోంది, పిల్లలు పలుకుతున్నారు. అంతా నువ్వు రాసినట్టే నడుస్తోంది. అప్పుడు గువ్వ గొంతు వినపడింది.

"టీచర్, నాకొకటి అడగాలనుంది. అది పుస్తకంలో లేదు. అడగొచ్చా?"

చిలకమ్మ పేజీలు తిప్పుతున్న చప్పుడు వినపడుతోంది. ముందుకి తిప్పింది, వెనక్కి తిప్పింది. ఆమె దగ్గర లేని మాట నా నోట్లో ఉంది. చెయ్యి తలుపు మీదకి వెళ్ళింది కూడా. లోపలికి వెళ్తే రెండు మాటల్లో సర్దేసేదాన్ని. అది నా క్లాసు కాదని అప్పుడు గుర్తొచ్చింది, అక్కడే నిలబడ్డాను.

పుస్తకం బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ఏం చెప్పాలో నాకూ తెలియదమ్మా" అంది చిలకమ్మ. "అయినా అడుగు. అందరం కలిసి చూద్దాం."

గువ్వ ఏం అడిగిందో నాకు తెలియదు. నేను వినడానికి ఆగలేదు. అది వాళ్ళు మాట్లాడుకునే మాట. పట్టీలు పట్టుకుని ఆఫీసు గదికి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను, చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

నీ వదిన